ముప్పై ఏళ్ళ లీజు

మా అన్న మునిస్వామి ఒక బావిని పూడ్చేశాడు. ఆ సంగతి పంతొమ్మిదేళ్ళు కడుపులో దాచుకొని, డెబ్బయ్యో ఏట, లౌటోకాలో నా వంటగదిలో కూర్చొని, టీలో క్రాకర్ బిస్కెట్ ముంచుకుంటూ బయటపెట్టాడు. బిస్కెట్ మెత్తబడి టీలోకి జారిపోయింది. ఆయన చూసుకోలేదు.

“ఏ బావి?” అన్నాను, తెలిసి కూడా. మాకు జన్మలో ఉన్నది ఒకటే బావి.

సింగటోకా నది వెంబడి పైకి వెళ్తే నసావు అనే ఊరు వస్తుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1970లో, మా నాన్న వెంకటస్వామి ఆ ఊరివాళ్ళ దగ్గర పది ఎకరాలు ముప్పై ఏళ్ళకు లీజుకు తీసుకున్నాడు. చెరుకు వేశాడు, బావి తవ్వించాడు. ఆ నీళ్ళు మేమూ తాగేవాళ్ళం, ఊరివాళ్ళూ తాగేవాళ్ళు. 2000లో గడువు తీరింది. మా భూమి మాకే కావాలి, ఇక ఇవ్వం అన్నారు ఊరివాళ్ళు. నాన్న అప్పటికే పోయాడు. అమ్మ పార్బతి నాతో లౌటోకా వచ్చేసింది. అన్న సముద్రం దాటి లబాసా వైపు, వాయిలేవులో, వదిన వాళ్ళ మనుషుల దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెరుకే వేశాడు.

వెళ్ళేముందు, సామాన్ల లారీ కదిలాక, ఇంటి పునాది రాళ్ళూ పొయ్యి ఇటుకలూ మట్టీ అంతా బావిలోకి తోసేశాడట. మాకు లేని నీళ్ళు వాళ్ళకు మాత్రం ఎందుకని.

“అప్పుడు చేసిన పని ఇప్పుడు ఎందుకు చెప్తున్నావు?” అని అడిగాను.

“మొన్న వాయిలేవులో నా లీజ్ రెన్యూ అయింది కాంతా,” అన్నాడు. “భూమివాళ్ళు చాప మీద కూర్చోబెట్టి యాంగోనా ఇచ్చినారు. ఇంకా ముప్పై సాల్ నీదే భూమి అన్నారు. ఆ చిప్ప పట్టుకున్నా. తాగలేకపోయినా. కళ్ళ ముందు ఆ బావే. నేను పోయి సోరో చెయ్యాల.”

యాంగోనా వేళ్ళను దంచి, నీళ్ళలో కలిపి, కొబ్బరి చిప్పతో తాగడం ఈ దేశంలో అందరికీ అలవాటే, మాకూ అలవాటే. సోరో మాత్రం ఫిజీవాళ్ళ పద్ధతి. తప్పు చేసినవాడు యాంగోనా వేళ్ళ కట్ట తీసుకెళ్ళి, తల వంచి, అవతలివాళ్ళ ముందు పెడతాడు. వాళ్ళు ఆ కట్టను ముట్టుకుంటే తప్పు తీరిపోయినట్టు. ముట్టుకోకపోతే ఆ తప్పు మనతోపాటే ఇంటికి తిరిగి వస్తుంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, బాగా వచ్చింది. “వెళ్ళిపొమ్మన్నది వాళ్ళు, క్షమాపణ చెప్పేది మనమా? కాహే, ఎందుకట? ముప్పై ఏళ్ళు నాన్న నడుము విరిగేలా చేస్తే, పొమ్మన్నప్పుడు గుమ్మంలోకి వచ్చి ఒక మాట అన్నవాడు లేడు. ఆ సేమి కూడా రాలేదు.”

సేమి ఆ భూమివాళ్ళ కుటుంబానికి పెద్ద. మా పొలానికీ వాళ్ళ తోటకీ నడుమ ఒక గట్టే అడ్డం. అన్న, సేమి కలిసి నదిలో ఈదేవాళ్ళు. సేమి భార్య మా పెరట్లోకి వచ్చి, అమ్మతోపాటు కూర్చొని, మా రోట్లో మిరపకాయలు దంచుకొనేది.

రోలు అంటే గుర్తొచ్చింది. అది నది రాయి. మేము ఆ పొలానికి వచ్చిన కొత్తలో, రెండు వానాకాలాలు నాన్న ఉలి పట్టుకొని కూర్చొని అమ్మ కోసం తొలిచాడు. నాకు పద్నాలుగేళ్ళు, పక్కనే కూర్చొని రాతిపొడి ఊదేదాన్ని. ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆ రోలు పోయింది. నమాకా నుంచి వచ్చిన లారీ డ్రైవర్ జై దాన్ని వాగు దగ్గర పడేశాడని అన్న చెప్పాడు. అమ్మ పోయేదాకా, ఐదేళ్ళు, “నా రోలు ఏది” అని అడుగుతూనే ఉంది. లారీ జైని నేను లౌటోకా మార్కెట్టులో నలుగురి ముందు కడిగేశాను. ఈరోజుకీ ఆయన నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు.

అన్నకు ఒంటరిగా నసావు వెళ్ళే ధైర్యం లేదు. గేటు దగ్గరే తిప్పి పంపేస్తారని భయం. ఇంతలో మా సాంస్కృతిక సంఘం కార్యదర్శి లచ్మన్ వాట్సాప్‌లో ఒక పోస్టర్ పెట్టాడు. సింగటోకా వైన్ లోయ, ఒకరోజు గైడెడ్ టూర్, సీనియర్లకు ప్రత్యేకం. ఫిజీలో వైన్ ఏమిటని నవ్వుకున్నాను. ఊరి పేరు చదివాక నవ్వు ఆగిపోయింది. నసావు.

“గుంపులో పోతే ఎవరు ఆపుతారు?” అన్నాడు అన్న. చిన్నపిల్లాడిలా ముఖం వెలిగింది. నేను ఇద్దరి పేర్లూ ఇచ్చాను. క్షమాపణ నాకు ఇష్టం లేదు. అన్నను ఒక్కడినీ పంపడం అంతకన్నా ఇష్టం లేదు.

బస్సులో పద్దెనిమిది మందిమి. అందరం అరవై దాటినవాళ్ళమే. గైడు లితియా, పాతికేళ్ళ ఫిజీ అమ్మాయి, జడలో ఎర్ర మందారం పెట్టుకొని, ఇంగ్లీషూ హిందీ కలిపి గడగడా మాట్లాడుతోంది. బస్సు కదలగానే లచ్మన్ మైకు లాక్కున్నాడు.

“వైన్ టేస్టింగ్ ఇష్టమైనవాళ్ళకే. మిగతావాళ్ళకు ద్రాక్షరసం ఉంది. ఎవరు ఏది తాగినారో ఫొటోలు తీయొద్దు, గ్రూపులో పెట్టొద్దు.”

నా వెనక సీట్లో ప్రేమ్‌వతి, గుడి భజనల్లో ముందు కూర్చొనే మనిషి, “రెండూ రంగు ఒకటే కదా, ఎవరికి తెలుస్తుంది?” అని గొణిగింది.

నది కుడిపక్క కనిపిస్తూ, దాక్కుంటూ వెంట వస్తోంది. ఇసుక తిన్నెలు, టమాటా మళ్ళు, బొప్పాయి తోటలు, అక్కడక్కడా గుర్రాలు. అన్న కిటికీకి ముఖం ఆనించి చూస్తూ ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచి, అందులో న్యూస్‌పేపర్‌లో చుట్టి ఎర్ర రిబ్బను కట్టిన యాంగోనా కట్ట. లబాసా నుంచి ఓడలో ఒళ్ళోనే పెట్టుకొని తెచ్చాడు.

ఊరు దగ్గర పడుతుండగా లితియా లేచి నిలబడింది. టోపీలూ నల్లకళ్ళద్దాలూ తీసేయాలి, ఆడవాళ్ళు నడుముకు సులు గుడ్డ చుట్టుకోవాలి, సంచులు భుజానికి తగిలించుకోకూడదు. “ఇంకొకటి. ఊళ్ళోకి వెళ్ళాలంటే సేవుసేవు చేయాలి, అంటే యాంగోనా ఇచ్చి లోపలికి రానివ్వమని అడగాలి. అందుకు మీలో ఒకరిని మీ గుంపుకు పెద్దగా ఎన్నుకోండి. ముందు వరసలో ఆయనే కూర్చుంటాడు, మొదటి చిప్ప ఆయనదే.”

నేను చటుక్కున చెయ్యెత్తాను. “మా అన్న మునిస్వామి. అందరికంటే పెద్దవాడు.” ముందు కూర్చుంటే సేమి ఎదురుగా ఉంటాడు, పని అక్కడే అయిపోతుందని నా లెక్క.

లచ్మన్ అప్పటికే పూల చొక్కా వేసుకొని, మెడలో దండ కూడా వేసుకొని వచ్చాడు. మధ్యాహ్నం భోజనం పొట్లాలు ఆయన దగ్గరే ఉన్నాయి. చేతులెత్తమంటే పదిహేను చేతులు లచ్మన్‌కే లేచాయి.

ఊరి హాల్లో చాపల మీద కూర్చున్నాం. ఎదురుగా నడివయసు మనిషి ఒకడు, సేమి తమ్ముడి కొడుకట, పద్ధతి ప్రకారం మాటలు చెప్పాడు. లచ్మన్ కట్ట ముందు పెట్టాడు, తప్పు చోట చప్పట్లు కొట్టాడు, మొదటి చిప్ప తాగి మూతి తుడుచుకొని ఫొటోకు నవ్వాడు. టోపీ తీసేయడంతో ఆయన రంగు వేసిన జుట్టు మధ్య బట్టతల తళతళలాడింది. అందరం పోనీలే అనుకున్నాం.

నేను సేమి కోసం వెతికాను. వెనక స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. జుట్టంతా తెల్లబడింది, కళ్ళల్లో పొర. మావైపే చూస్తున్నాడు గానీ ఎవరినీ పోల్చుకోలేదు. హాలు వెనక ఎవరో యాంగోనా దంచుతున్నారు. మామూలుగా ఇనప రోట్లో దంచితే గణగణమంటుంది. ఇది మెత్తగా, లోతుగా వినబడుతోంది. అన్న తల వంచి ఆ చప్పుడే వింటున్నాడు. నేను కళ్ళతో సైగ చేశాను, లే, వెళ్ళు అని. ఆయన సంచి గట్టిగా పట్టుకున్నాడే గానీ లేవలేదు. అందరూ ఫొటోలు దిగారు. కార్యక్రమం అయిపోయింది.

అక్కడి నుంచి ద్రాక్షతోటకు నడిచాం. దారి మలుపు తిరగగానే నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. అది మా పొలం. చెరుకు ఉన్నచోట వరసలు వరసలుగా కర్రలు, తీగలు, పచ్చటి ఆకులు. అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఊరివాళ్ళే వేసుకున్నారట, న్యూజిలాండ్ నుంచి ఒకాయన వచ్చి నేర్పాడట.

“ద్రాక్షతీగకు చలికాలం నిద్ర కావాలి,” అంటోంది లితియా. “ఇక్కడ చలి లేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు ఆకులన్నీ దూసేసి, కొమ్మలు కత్తిరించి, మేమే నిద్రపుచ్చి మేమే లేపుతాం. రెండు పంటలు వస్తాయి. పదేళ్ళ కిందట ఇక్కడ ఏమీ లేదు. అంతా అడవి.”

నాకు ఒళ్ళు మండింది. ముప్పై రెండేళ్ళు బడిపిల్లల తప్పులు దిద్దిన నోరు ఊరుకుంటుందా?

“అడవి కాదమ్మాయ్, చెరుకు,” అన్నాను. హిందీలో, అందరికీ వినబడేలా. “నువ్వు నిలబడిన చోట మా ఎద్దుల కొట్టం. ఆ గట్టు పక్కన మా ఇల్లు. ఈ మట్టిలో రాళ్ళు ఏరింది మా నాన్న. ముప్పై ఏళ్ళు. నీ కాగితంలో అది కూడా రాసుకో.”

“కాంతా బెహెన్, టూర్ ఖరాబ్ చెయ్యొద్దు,” అన్నాడు లచ్మన్ గొంతు తగ్గించి.

లితియా ముఖం ఎర్రబడింది. చేతిలో కాగితం మడిచేసింది. “నాన్నగారి పేరేమిటి?”

“వెంకటస్వామి.”

“స్వామి,” అని ఆ అమ్మాయి మెల్లగా అంది. “మా తాత ఆ పేరు అంటూ ఉంటాడు. ఎవరో నాకు తెలియదు. మా తాత సేమి.” ఇంకేదో అడగబోయి, గుంపు ఎదురుచూస్తోందని ముందుకు నడిచింది.

ఆ ముందే బావి. చుట్టూ సిమెంటు గోడ కట్టి, పైన పంపు బిగించారు. “ఈ నీళ్ళే తోటకు,” అంది లితియా, ఈసారి నావైపు చూసి జాగ్రత్తగా. “పాత బావి. మధ్యలో పూడిపోతే మావాళ్ళు మళ్ళీ తవ్వారు. ఎలా పూడిందో అడిగితే పెద్దవాళ్ళు చెప్పరు.”

అన్న అక్కడే ఒక తీగ కింద కూలబడ్డాడు. ఎండ దెబ్బేమోనని ప్రేమ్‌వతి నీళ్ళ సీసా ఇచ్చింది. మిగతావాళ్ళు వైన్ షెడ్డు వైపు వెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను.

“బావి బాగానే ఉంది కదా అన్నా. నీళ్ళు కూడా ఉన్నాయి. ఎవరికీ తెలియదు కూడా. ఇక ఆ కట్ట మనం ఇంటికెళ్ళి తాగేద్దాం.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నేను ఒక్క పూటలో పూడ్చినా. వాళ్ళు ఎన్ని రోజులు తవ్వినారో. పైగా నా పేరు పిల్లలకు చెప్పలే. చూడు కాంతా, తిట్టి ఉంటే నాకు హల్కా అయ్యేది, బరువు దిగేది.”

షెడ్డులోంచి నవ్వులు వినబడుతున్నాయి. తరవాత తెలిసింది, ప్రేమ్‌వతి ద్రాక్షరసం అనుకొని మూడు గ్లాసులు వైన్ తాగిందట. ద్రాక్షరసం అనుకొనే తాగానని ఇప్పటికీ అంటుంది.

లితియా మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. అన్న ఒళ్ళోని సంచీ, సంచీలోంచి బయటికొచ్చిన ఎర్ర రిబ్బనూ చూసింది. ఫిజీ పిల్ల కదా, ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“బస్సుకు ఇంకా అరగంట ఉంది. తాత ఇంట్లో ఉన్నాడు. రండి.”

దారిలో ఒక మాట చెప్పింది. “సోరోలో తప్పు చేసినవాళ్ళు మాట్లాడరు. తల దించుకొని కూర్చోవాలి. వాళ్ళ మనిషి ఒకరు వాళ్ళ తరఫున మాట్లాడాలి. మామూలుగా మగవాళ్ళు మాట్లాడతారు.” వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది. “మీ పెద్దను పిలవనా?”

“లచ్మన్‌నా? వద్దు తల్లీ,” అన్నాను. అప్పుడు అర్థమైంది, ఇక మిగిలింది నేనే అని. క్షమాపణ ఎందుకు చెప్పాలి అని వారం రోజులు ఇల్లు అదిరేలా అరిచిన మనిషిని నేను.

సేమి ఇల్లు హాలు వెనకే, చిన్నది. రేకుల కప్పు, నేలంతా చాప. ముసలాయన గోడకు ఆనుకొని ఉన్నాడు. లితియా చెవి దగ్గర ఏదో చెప్పింది. ఆయన సర్దుకొని నిటారుగా కూర్చున్నాడు. “స్వామీ కే లడ్‌కా?” అన్నాడు. స్వామి కొడుకా అని. అన్న గుమ్మం దగ్గరే కూర్చొని, కట్ట ముందుకు జరిపి, తల ఎంత వంచాడంటే నుదురు చాపకు తాకింది.

నేను మాట్లాడాలి. ఎదురుగా ఆయన కాళ్ళు కనబడుతున్నాయి. మడమలు పగిలి, అచ్చం మా నాన్న కాళ్ళలాగే ఉన్నాయి.

“సేమి భైయా,” అన్నాను హిందీలో. “నేను కాంతను. చిన్నప్పుడు మీ తోటలో జామకాయలు దొంగిలించినదాన్ని. మమ్మల్ని వెళ్ళమన్న రోజు మాకు చాలా కోపం వచ్చింది. నాకు ఇంకా ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ కోపంలో మా అన్న ఊరికంతా నీళ్ళిచ్చే బావిని పూడ్చాడు. నీళ్ళకు మీరూ మేమూ అని లేదు. అది తప్పు. పంతొమ్మిదేళ్ళు దాచుకున్నాడు, ఇప్పుడు ఎవరిచ్చిన చిప్పా ఆయన గొంతు దిగడం లేదు. మా నాన్న ఉంటే ఆయనే వచ్చేవాడు. లేడు కాబట్టి నేను అడుగుతున్నాను. ఈ కట్ట ముట్టుకోండి.”

ఎక్కడో దంచుతున్న ఆ మెత్తటి చప్పుడే వినబడుతోంది. ముట్టుకోడేమో, అన్నను ఈ స్థితిలో ఓడ ఎక్కించి ఎలా పంపాలి అనుకున్నాను.

ముసలాయన ముందుకు వంగి, చాప మీద చేత్తో తడుముకుంటూ వచ్చి, కట్ట మీద అరచెయ్యి ఆనించాడు. తరవాత మూడుసార్లు, చేతులు గుంటగా పెట్టి, చప్పట్లు కొట్టాడు.

“తల ఎత్తు మునీ,” అన్నాడు. “మాకు మొదటి వారమే తెలుసు. నువ్వు కాక ఇంకెవరు? పదకొండు రోజులు తవ్వినాం. కుర్రవాళ్ళు నిన్ను బాగా తిట్టినారు. నేను ఆపించినా. మీకు లీజు వద్దని మీటింగులో చేతులెత్తినప్పుడు నాదీ ఒక చెయ్యే. మీ అమ్మ ముందుకు వచ్చి ఆ మాట చెప్పడానికి ముఖం చెల్లక, మీరు పోయేదాకా ఇంట్లోనే దాక్కున్నా. నేనూ రాలేదు కదా. నువ్వు వచ్చినావు.”

అన్న ఏడుస్తున్నాడు. శబ్దం లేకుండా, భుజాలు ఊగుతున్నాయి. నాకూ కళ్ళు నిండాయి. గుమ్మంలోకి వచ్చి ఒక మాట అనలేదని ఇన్నేళ్ళు నేను మోసిన కోపం అదే. ఆ మాట ఇప్పుడు ఆయనే అన్నాడు.

“మీ రాయి కోసమైనా వస్తావని అనుకున్నా,” అన్నాడు సేమి.

“ఏ రాయి?” అన్నాను.

ఆయన చెయ్యి పట్టుకొని లితియా లేపింది. వెనక పెరట్లోకి నడిచాం. పెద్ద పెద్ద ఆకులున్న సీమపనస చెట్టు కింద ఒక కుర్రాడు ఇనప రోకలితో యాంగోనా దంచుతున్నాడు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నాడు. రోలు సగం మట్టిలోకి దిగి ఉంది. నల్లగా, నున్నగా. అంచు మీద ఒకచోట పెచ్చు ఊడిపోయి ఉంది. ఆ పెచ్చు ఊడిన రోజు నాన్న ఉలి జారి, తన బొటనవేలి మీద తనే కొట్టుకున్నాడు. నేను వంగి నా బొటనవేలు అక్కడ పెట్టాను. సరిగ్గా పట్టింది.

“లారీ జై!” అన్నాను. నోట్లోంచి మొదట వచ్చింది అదే. అన్న వైపు తిరిగాను.

“దాన్నే మొదట తోసినా,” అన్నాడు అన్న, నేల చూస్తూ. “అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియక లారీవాడి మీద పెట్టినా.”

అమ్మ ఐదేళ్ళు అడిగింది. జ్వరంలో కూడా అడిగింది. నాకు అన్నను కొట్టాలనిపించింది. కొట్టాను కూడా, భుజం మీద, చిన్నప్పుడు కొట్టినట్టే. డెబ్బై ఏళ్ళవాడు కిమ్మనకుండా ఇంకో దెబ్బకు భుజం ఇచ్చాడు. ఆ రెండో దెబ్బ నేను కొట్టలేకపోయాను.

“బావి అడుగున దొరికింది,” అన్నాడు సేమి. “మా ఆవిడ చూడగానే పార్బతి రాయి అంది. తను పోయేదాకా దీన్ని ఎవర్నీ ఇక్కణ్ణుంచి కదిలించనివ్వలేదు. ఊరి యాంగోనా అంతా ఇందులోనే దంచుతారు. పొద్దున మీరు తాగింది కూడా. ఇప్పుడు మీది మీరు తీసుకుపొండి.”

అప్పటికి బస్సు హారన్ రెండుసార్లు మోగింది. మమ్మల్ని వెతుక్కుంటూ లచ్మన్ వచ్చి, విషయం సగం అర్థమై, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “నలుగురం పడితే బస్సులో పెట్టచ్చు బెహెన్,” అన్నాడు. ఆయనలో ఆ మంచితనం ఉందని నాకు ఇంతకాలం తెలియదు.

నేను కుర్రాడి చేతిలో రోకలి తీసుకొని నాలుగు పోట్లు వేశాను. నా మోచెయ్యి నొప్పెట్టింది. రోలు పలికిన పలుకు మాత్రం మా పెరట్లో పలికినదే. లౌటోకాలో నా ఇల్లు రెండో అంతస్తు. మిక్సీ ఉంది. దీన్ని తీసుకెళ్ళి బాల్కనీలో పెడితే పూలకుండీ అవుతుంది. ఈ నది రాయి, ఈ లోయలో తొలిచిన రాయి, ఇక్కడ రోజూ పని చేస్తోంది. అమ్మ అడిగినదానికి జవాబు దొరికింది. చెప్పడానికి అమ్మే లేదు, ఆ బాధ ఎక్కడికీ పోదు.

రోకలి పక్కన పెట్టి, చేతులు దులుపుకొని, బడిలో నిలబడినట్టు నిలబడ్డాను.

“సేమి భైయా, రోలు ఇవ్వను,” అన్నాను. “లీజుకిస్తాను. ముప్పై ఏళ్ళు. గడువు తీరాక మీవాళ్ళు నా దగ్గరికి వచ్చి కూర్చొని అడగాలి. రెన్యూ చేస్తానో, మా రాయి మాకే కావాలంటానో, అప్పుడు చూద్దాం.”

లితియా చేత్తో నోరు మూసుకుంది. లచ్మన్ టోపీ కేసి చూసుకుంటున్నాడు. ముసలాయన పొర కమ్మిన కళ్ళతో నన్ను వెతికి వెతికి పట్టుకున్నాడు. తరవాత నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, మనవరాలి భుజం పట్టుకొని నిలబడాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకొని, నా వైపు వంగి, మళ్ళీ మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

“అద్దె ఎంత?” అన్నాడు.

“ఏడాదికోసారి మేము వస్తాం. ఆ రోజు ఇందులో దంచింది మొదటి చిప్ప మా అన్నకు.”

“ఈ ఏడాదిది ఇప్పుడే తీసుకో,” అని కుర్రాడికి సైగ చేశాడు. వాడు నేను దంచిన పొడి గుడ్డలో వేసి, బావి నీళ్ళలో పిసికి, చిప్ప నింపి తెచ్చాడు. బస్సు మూడోసారి హారన్ కొట్టింది. లచ్మన్ తోట వైపు చెయ్యి ఊపి, ఆగమని గట్టిగా కేకేశాడు.

అన్న ఒకసారి చప్పట్లు కొట్టి చిప్ప అందుకున్నాడు. కొంచెం చొక్కా మీద ఒలికింది. కానీ ఈసారి ఆపకుండా తాగి, ఖాళీ చిప్పను మాకందరికీ తిప్పి చూపించాడు.